డప్పుకు చూస్తది, కూతకు పలకదు

ఈ చెవుల పరీక్షల పనిలకి కొత్తగ వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొస్తుంటరు. కూసుంటరు, చాయ్ తాగుతరు, ఆఖరుకు అందరూ ఒక్కటే అడుగుతరు: "సార్, ఓఏఈ పరీక్షను ఎంతదాక నమ్మొచ్చు?" నూటికి ఇంత అని చెప్తే రాసుకొని పోదామని వాళ్ల ఆశ. నాకు అంకె తెల్వదు. ఒక పిల్ల సంగతి తెలుసు, అదే రాస్తున్న. చదివినంక ఈ ఉద్యోగం మీద మీకు మనసు విరిగితే విరగనియ్యండి. నాకు ఎప్పుడో విరిగింది.

రేకు డబ్బా కాలం

నేను ఆడియాలజిస్టును. చెవుడు ఉందా లేదా, ఉంటే ఎంతుంది అని పరీక్ష చేసేటోన్ని, డాక్టర్ను కాను. డెబ్బైలల్ల మైసూరుల చదువుకొని వచ్చి ఖమ్మంల ఒక ట్రస్టు దవాఖానల చేరిన. దాని పేరు చెప్పను. తప్పు నాది, దవాఖానను ఎందుకు బద్నాం చెయ్యాలె? నా పని ఏందో మా చుట్టాలకే సమజ్ కాకపోయేది. "మావోడు చెవుల గుబిలి తీస్తడట" అని మా మేనత్త పెండ్లిండ్లల్ల నలుగురికి చెప్పుకునేది.

పెద్దోళ్లకైతే ఆడియోమీటరు ఉండె. చెవులకు హెడ్‌ఫోను పెట్టి, చప్పుడు వినపడ్డప్పుడు చెయ్యెత్తమంటే ఎత్తుతరు. ఏడాది పిల్లకు చెయ్యెత్తమని ఎట్ల చెప్పాలె? అందుకని ఒక రేకు డబ్బాల మా సామాను ఉండేది. గంట, గిలక్కాయ, చిన్న డప్పు, స్టీలు గిలాస, చెంచ, గరగరమనే కాగితం. పిల్ల తల్లి ఒడిల కూసుంటది. ముందల ఒకరు బొమ్మ ఆడిస్తరు. నేను ఎనుక నిలబడి గంట కొడ్త. తిరిగి చూస్తే విన్నట్టు.

చెప్తుంటే అల్కగనే ఉంటది. కానీ చెవుడున్న పిల్లలు మహా హుషారు. నా నీడ గోడ మీద పడితే తిరుగుతరు. నేను బీడీ తాగొస్తే ఆ వాసనకు తిరుగుతరు. తల్లి ఒళ్లు జర కదిలినా తిరుగుతరు. చెక్క బల్ల మీద పెట్టి డప్పు కొడితే ఆ అదురుకు తిరుగుతరు. మొదటి రెండేండ్లు ఎంతమంది చెవిటి పిల్లలకు 'వినపడ్తది' అని రాసిచ్చిన్నో దేవునికెరుక.

మా పెద్ద డాక్టరు గారు చెవి, ముక్కు, గొంతు చూసేటాయన. నోటి దురుసు మనిషి. ఒకనాడు నేను గంట కొట్టుడు చూసి చూసి, వచ్చి నా చేతిలకెల్లి గంట గుంజుకొని బల్ల మీద పడేసిండు.

"ముందు తల్లిని అడుగవయ్యా! ఆ పిల్లతోని దినమంతా ఉండేది ఆమెనా, నువ్వా? నీ గంట రెండు నిమిషాలు మోగుతది. ఆమె పుట్టిన కాడి నుంచి పిలుస్తనే ఉంది."

పేషెంట్ల ముందల అన్నడని వారం దినాలు ఆయనతోని మాట్లాడలే నేను. కానీ నా సర్వీసు మొత్తంల పడ్డ తిట్లల్ల అక్కరకొచ్చిన తిట్టు అదొక్కటే. ఆయన రిటైరై పోయినంక గూడ, ఆ మాట మీదనే చానా ఏండ్లు పని చేసిన. తల్లి "వినపడ్తలేదు" అంటే నా గంట ఏం చెప్పినా సరే, మళ్లీ రమ్మనేటోన్ని.

మిషన్ వచ్చినంక

తొంభైల నడుమ ఎవరో దాతలు మా దవాఖానకు ఓఏఈ మిషన్ ఇచ్చిన్రు. చేతుల పట్టేంతది. తెల్వనోళ్ల కోసం దాని సంగతి నాలుగు ముక్కలల్ల చెప్త. మన లోపలి చెవిల, నత్తగుల్ల లెక్క తిరిగుండే భాగంల, సన్నటి వెంట్రుకలున్న కణాలుంటయ్. బయటి చప్పుడు పోయి తాకితే అవి కదిలి, తిరిగి అవి గూడ ఒక చప్పుడు చేస్తయ్. మనకు వినపడనంత సన్నటిది. చెవిల బిరడ లెక్కటి ముక్క ఒకటి పెడితే, అది టిక్కు టిక్కుమని చప్పుడు పంపి, లోపలి నుంచి తిరిగొచ్చేదాన్ని పట్టుకుంటది. వస్తే పచ్చ లైటు, పాస్. రాకుంటే ఎర్ర లైటు, మళ్లీ చూడాలె. పిల్ల నిద్రపోతున్నా పనైతది. నీడ లేదు, వాసన లేదు, అదురు లేదు.

నా సంబురం ఏం చెప్పాలె! ఆ దినమే రేకు డబ్బాను అటక మీద పడేసిన. ఇన్నేండ్లు గుడ్డెద్దు చేన్ల పడ్డట్టు పని చేసినం, ఇగ చూడు అనుకున్న.

మొదటి క్యాంపు బూర్గంపాడు దిక్కు ఒక కోయగూడెంల పెట్టినం. పసిపిల్లలకు వరుసగ ఎర్ర లైటే. ఒక తండ్రికి "చెవుడుండొచ్చు" అని చెప్పిన గూడ. ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టుకొని అక్కడనే కూలబడ్డడు. మా నర్సు సుశీలమ్మది చండ్రుగొండ. అడివి ఊర్లల్ల పదేండ్లు పనిచేసిన మనిషి, కోయ మాట మంచిగ వచ్చు. ఆమె నా పక్కకొచ్చి మెల్లగ చెప్పింది.

"సార్, వీళ్లు పిల్లలకు తానం పోసినంక చెవులల్ల ఇప్పనూనె పోస్తరు. క్యాంపుకొస్తున్నమని పొద్దుగాల్నే అందరికి పోసి తీసుకొచ్చిన్రు."

సిగ్గైంది. నాలుగు దినాలాగి, చెవులు తుడిపించి మళ్లీ పెడితే అందరికీ పచ్చ లైటే వచ్చింది. కూలబడ్డ తండ్రి నా చేతులు పట్టుకొని ఏడ్చిండు. ఆయనను చూసి నేను గూడ గొప్పోన్ననుకున్న.

అసలు ఖరాబైంది అక్కడనే. ఎర్ర లైటు అబద్ధం ఆడొచ్చని నాకు తెలిసింది. నూనె ఉన్నా, గుబిలి ఉన్నా, జలుబు చేసి చెవిల నీరు చేరినా, పక్కన జనరేటరు మోగినా ఎర్ర లైటే. ఇది నిజమే, మీరు గూడ రాసుకోండి. కానీ నేను దానికి ఇంకో మాట కలుపుకున్న. ఇన్ని అడ్డాలు దాటుకొని పచ్చ లైటు వచ్చిందంటే ఇగ దానికి తిరుగులేదు అని. ఈ రెండో మాట ఏ పుస్తకంల లేదు, ఏ డాక్టరూ నాకు చెప్పలే. నా అంతట నేనే పుట్టించుకున్న. తెలివి ఎక్కువైతే గిట్లనే అయితది.

ముత్తమ్మ బిడ్డ

ఇంకో ఏడు ఎండాకాలం. పర్ణశాల పోయే తొవ్వల ఒక ఊరి బడిల క్యాంపు. చింతచెట్టు దాటి రోడ్డు దాక లైను ఉంది. ముత్తమ్మ అనే ఆమె రెండున్నరేండ్ల బిడ్డను చంకనేసుకొని వచ్చింది. బిడ్డ పేరు ఇడమ్మ. ముత్తమ్మకు ఇరవై రెండు, ఇరవై మూడేండ్లుంటయ్. సంతలకు పోయి తెలుగు నేర్చుకున్న మనిషి, నన్ను నువ్వు అనే మాట్లాడింది. అక్కడ అందరూ గట్లనే మాట్లాడుతరు, అండ్ల మర్యాద తక్కువేం లేదు.

"ఇది కూతకు పలుకదు సారు," అన్నది.

కూత అంటే ఏందో నాకు తెల్వదు. సుశీలమ్మ చెప్పింది. ఇప్పపూల కాలంల ఆడోళ్లు తెల్లారకముందే అడివిలకు పోయి, రాలిన పూలు ఏరుతరు. ఎవరి చెట్టు కింద వాళ్లుంటరు, ఒకల్లకొకల్లు కనపడరు. అందుకని నడుమ నడుమ కూత పెట్టుకుంటరు. ఒక్కో ఇంటిది ఒక్కో తీరు. నడక వచ్చిన పిల్లలు తల్లి కూత విని తిరిగి కూత పెట్టాలె. మాటలు రాకముందే కూత వస్తదట వాళ్లకు. పలుకని పిల్ల అంటే తప్పిపోయే పిల్ల.

"అసలు ఏ చప్పుడు వినదా?" అని అడిగిన.

"వింటది సారు. డప్పు కొడితే చూస్తది. బిందె పడితే ఉలిక్కిపడ్తది. నేను కూత పెడితే మాత్రం అటు చూస్తది, ఇటు చూస్తది, ఏందో తెల్వనట్టు నిలబడ్తది. పేరు పిలిచినా అంతే."

"డప్పుకు చూస్తదంటున్నవ్. మరి విన్నట్టే గద?"

"అవ్ సారు. వింటది. గని అందదు."

వింటది, గని అందదు. పిల్లలారా, పెద్ద పెద్ద పుస్తకాలల్ల పేజీలకు పేజీలు రాసిన రోగాన్ని ఆమె రెండు ముక్కలల్ల చెప్పింది. నేను మిషన్ చార్జింగు ఎంతుందో చూసుకుంటున్న.

ఇంకా చెప్పింది. పుట్టిన మూడో నాడు పిల్ల పచ్చగైందట. కండ్లు గూడ పసుపు ముద్దలట. పాలు తాగలేదట, ఎనక్కి విల్లు వంగినట్టు వంగిందట. వడ్డె, అంటే వాళ్ల పూజారి, మందు గూడ ఆయనే ఇస్తడు, వచ్చి ముక్కుల ఆకు పసరు పోసిండట. పసరు అనే మాట వినంగనే నాకు ఒళ్లు మండింది. "పసిపిల్ల ముక్కుల పసరు పోస్తరా? ప్రాణం పోతే? మీకు ఎన్నిసార్లు చెప్పాలె? దవాఖాన ఎందుకున్నట్టు?" అని మంచిగ తిట్టిన. ఆమె తల వంచుకొని నిలబడ్డది. నా తిట్లు అయిపోయేసరికి ఆ పచ్చకామెర్ల సంగతి నా బుర్రల నుంచి పోయింది. పసరు ఒక్కటే మిగిలింది.

పుట్టంగనే ముదిరిన కామెర్లు చెవి నుంచి మెదడుకు పోయే నరాన్ని కాలుస్తయ్. నాకు తెల్వనిదేం కాదు. పరీక్షల రాసి మార్కులు తెచ్చుకున్నదే.

మిషన్ పెట్టిన. కుడి చెవికి పచ్చ లైటు, ఎడమ చెవికి పచ్చ లైటు. రెండు నిమిషాలు గూడ పట్టలే.

సుశీలమ్మ నసిగింది. "సార్, తల్లి గంత గట్టిగ చెప్తంది. ఖమ్మం రమ్మందామా ఒకసారి?"

"రెండు చెవులు పాస్ అయితే ఖమ్మం ఎందుకమ్మా? ఎనుక లైను చూడు," అన్న.

కాగితం మీద 'వినికిడి బాగుంది' అని రాసి సంతకం పెట్టిన. అంతటితోని ఊకుంటే గూడ బాగుండు. ఊకోలే. నవ్వుకుంట ఆమెకు చెప్పిన: "నీ బిడ్డ చెవులు బంగారం. అన్నీ వినపడ్తయ్. పలుకుతలేదంటే మొండిదన్నట్టు. గారాబం తగ్గించు, జర భయం పెట్టు, దెబ్బకు పలుకుతది."

ముత్తమ్మ మొఖం వెలిగింది. ఆ కాగితాన్ని కండ్లకు అద్దుకొని పోయింది.

తెలిసినంక చేసింది

మూడేండ్లు దాటినయ్. హైదరాబాదుల ఉండే నా జూనియర్ ఒకడు ఖమ్మం వచ్చినప్పుడు మాటల నడుమ చెప్పిండు. కొందరు పిల్లలకు లోపలి చెవి కణాలు మంచిగనే ఉంటయట, ఓఏఈ పాస్ అయితదట, కానీ నరం ఖరాబై చప్పుడు మెదడుకు చిందరవందరగ పోతదట. చప్పుడైందని తెలుస్తది, మాట మాత్రం మాట లెక్క అందదు. పుట్టినప్పుడు కామెర్లు ముదిరిన పిల్లలల్ల ఎక్కువట.

వాడింకా చెప్తనే ఉన్నడు. బడి వరండ, చంకల పిల్ల, "వింటది, గని అందదు" అన్నీ కండ్ల ముందలికొచ్చినయ్.

మీరేమనుకుంటరు? తెల్లారి బస్సెక్కి పోయిన్ననుకుంటరు. పోలే. అంత దూరం ఎవరు పోతరు, ఊరి పేరు గూడ సరిగ యాది లేదు, ఎవరో ఒకరు చూసే ఉంటరు అని నాకు నేనే చెప్పుకున్న. అసలు సంగతేందంటే భయం. పోయి "నేను తప్పు రాసిన" అని చెప్పాలె గద. ఎనిమిది నెలలు గట్లనే గడిపిన. మూర్ఖత్వానికి మాఫీ ఉంటదేమో గని, ఈ ఎనిమిది నెలలకు లేదు.

ఓఏఈని ఎంతదాక నమ్మాలె అంటే, అది చూసినదాని దాకనే నమ్మాలె. ఉత్తరం పోస్టు డబ్బాల పడ్డదా అంటే చెప్తది, ఇంటికి చేరిందా అంటే దానికి తెల్వదు. పచ్చ లైటు వస్తే 'ఓఏఈ పాస్ అయింది' అని రాయండి. 'వినపడ్తది' అని మాత్రం రాయకండి. పుట్టినప్పుడు కామెర్లు వచ్చినయా, పిల్ల ఎనక్కి వంగిందా అడుగండి. తల్లి 'అందుతలేదు' అంటే లైటును పక్కకు పెట్టి బేరా పరీక్షకు పంపండి. తలకు తీగలు పెట్టి, చప్పుడు నరం దాటి మెదడు దాక పోతందా లేదా చూసే పరీక్ష అది.

చెప్తున్న గని, మీరు చేస్తరన్న నమ్మకం నాకు లేదు. మీ ఎనుక గూడ లైను ఉంటది. సాయంత్రానికి ఎంతమందిని చూసినవని అడిగే పెద్దసారు ఉంటడు, పచ్చ లైటు పక్కన పిల్లను నిలబెట్టి ఫొటో తీసుకునే దాత ఉంటడు. నేను రాసిచ్చిన పాస్ కాగితాలు ఆ అడివిల ఎన్ని ఇండ్లల్ల ఉన్నయో నాకే తెల్వదు. ఇంకెంతమంది ఇడమ్మలున్నరో చెప్పేటోడు లేడు. తర్వాత్తర్వాత మూడు నాలుగు ఊర్లు తిరిగిన. రెండే ఇండ్లు దొరికినయ్. ఒక ఇంట్ల పిల్ల బాగనే ఉంది. ఇంకో ఇంటోళ్లు వలస పోయిన్రు.

ఆమె అడిగింది

ఆఖరుకు నేను పోలే, ముత్తమ్మనే వచ్చింది. ఆశ్రమ పాఠశాలల సారు ఇడమ్మను చూసి "ఈ పిల్లకు చెవుడు, చెవిటి పిల్లల బడిల చేర్పించు" అన్నడట. ఎవరినో తోడు తీసుకొని ఆ బడికి పోయింది. ఆరోగ్యం కాగితాలున్నయా అని వాళ్లడిగితే, ఉన్న ఒక్క కాగితం ఇచ్చింది. నాది. 'వినికిడి బాగుంది అని రాసుంది, వినపడే పిల్లను ఇక్కడెట్ల చేర్చుకుంటం' అని వాపస్ పంపిన్రు. అప్పుడామె, అప్పటికి భద్రాచలంల పనికి మారిన సుశీలమ్మను ఎతుక్కుంట పోతే, సుశీలమ్మ ఇద్దరినీ బస్సెక్కించి నా దగ్గరికి తీసుకొచ్చింది.

పిల్లకు ఆరేండ్లు దాటినయ్. చక్కటి పిల్ల, నడకల జర తూలుడు ఉంది. నోట్లె ఒక్క మాట లేదు, చేతి సైగలు గూడ లేవు. వినపడే పిల్లకు సైగలు ఎవరు నేర్పుతరు? ఎనుక నిలబడి డప్పు కొట్టిన, తిరిగింది. పేరు పిలిచిన, తిరిగింది గని ఖాళీగ చూసింది. ముత్తమ్మను కూత పెట్టమన్న. ఆమె మా పరీక్ష రూముల గోడలదిరేటట్టు కూత పెట్టింది. పిల్ల ఉలిక్కిపడి, కిటికీ దిక్కు చూసింది.

సుశీలమ్మనే తోడిచ్చి హైదరాబాదు పంపిన. బేరా కాగితం వచ్చింది. చప్పుడు నరం దాటితే కనపడాల్సిన గీతలల్ల ఒక్కటి గూడ లేదు.

వాపస్ వచ్చినంక ముత్తమ్మను కూసోబెట్టి అంతా చెప్పిన. నీ బిడ్డకు చప్పుడు తెలుస్తది, మాట తెల్వదు, పుట్టినప్పటి కామెర్లతోని అయింది, నువ్వు ఆనాడు సరిగనే చెప్పినవ్, నేనే తప్పు రాసిన అన్న. చెవిటి బడికి కొత్త కాగితం రాసిస్త, సైగలు నేర్పుతరు, ఆలస్యమైంది గని ఎంతోకొంత వస్తది అని గూడ చెప్పిన. 

 పిల్ల నా బల్ల మీది పెన్నుల మూతలు తీసి పెట్టుకుంట ఆడుకుంటంది. ముత్తమ్మ వంగి పిల్ల లంగాను మోకాలి దాక ఎత్తింది. పిక్కల మీద నల్లటి వాతలు. చింతబరికెవి. కొన్ని పాతయి, కొన్ని ఇంకా మానలే.

"నువ్వు వినపడ్తదన్నవ్ గద సారు," అన్నది. గొంతుల కోపం లేదు. ఉంటే బాగుండు. "విని గూడ పలుకుతలేదు, పొగరు అనుకున్న. మొన్న ఇప్పపూలకు పోయిన నాడు తప్పిపోయింది. గొంతు పోయేదాక కూత పెట్టిన. పొద్దెక్కినంక వాగు కాడ దొరికింది, పూలు ఏరుకుంట కూసుంది. ఆ కోపంల చెట్టుకు కట్టేసి కొట్టిన. ఏడ్చుకుంట నా మొఖమే చూసింది. ఎందుకు కొడుతున్ననో దానికి తెల్వదు గద?"

"తెల్వదమ్మా," అన్న.

"మరి తప్పు నాదేనని ఇప్పుడు దీనికి ఎట్ల చెప్పాలె సారు?"

సుశీలమ్మ లేచి కిటికీ కాడికి పోయింది.  ముత్తమ్మ మాత్రం నా దిక్కే చూసుకుంట కూసుంది, నేను చెప్తననుకొని.